చల్లారాకే కోయాలి

ప్రతి సోమవారం మాస్టరుగారి నుంచి నాకు ఫోన్ వచ్చేది. ముందురోజు నేను చేసిన గోధుమ బ్రెడ్డులో తప్పెక్కడుందో చెప్పడానికి. పోయిన నెల ఒక సోమవారం తెల్లారకుండానే మోగింది. ఈసారి ఇంత పొద్దున్నే ఏం తప్పు పట్టుకున్నారో అని నవ్వుకుంటూ ఎత్తాను. ఆయన భార్య, నేను పెద్దమ్మా అని పిలిచే ఆవిడ, మాట్లాడింది. "నిద్రలనే పోయిండు బిడ్డా. నువ్వు జేసిన డబల్ రొట్టె ఇంక సగం అట్లనే ఉన్నది" అంది. ఆ సగం రొట్టె మాటకే నాకు ఏడుపు ఆగలేదు.

ఆయన నాకు చుట్టం కాదు. కుర్రతనంలో పాలమూరు నుంచి కూలికి వచ్చి, నారాయణగూడలో ఒక పాత బేకరీలో పనికి కుదిరి, మైదా పిసుకుతూ పిసుకుతూ మాస్టరైన మనిషి. మా పరిచయం చిక్కడపల్లిలో పిండి గిర్ని దగ్గర. గోధుమలు పట్టించుకుని డబ్బాకు మూత పెడుతుంటే, పక్కనున్న పెద్దాయన అడగకుండా నా పిండిలో చెయ్యి పెట్టారు. నాకు ఒళ్లు మండింది. "ఏంటండీ ఇది?" అన్నాను. ఆయన ఆ పిండిని వేళ్ల మధ్య నలుపుతూ, "మంచిగున్నది బిడ్డా. డబల్ రొట్టెకు పనికొస్తది. మీ ఇంట్ల ఓవెన్ ఉన్నదా?" అన్నారు.

ఉంది. మా ఆయన పెళ్లిరోజుకి కొన్నది. అందులో నేను మూకుళ్లూ మూతలూ సర్దుకున్నాను. మాస్టరుగారికేమో షుగరొచ్చింది, డాక్టరు మైదా మానమన్నాడు. జన్మంతా బ్రెడ్డు చేసిన మనిషి బ్రెడ్డు లేకుండా చాయ్ తాగలేక అవస్థ పడుతున్నారు. ఒంటిగది కిరాయి ఇల్లు, ఓవెన్ లేదు. నాకు ఓవెన్ ఉంది, పని రాదు. ఒప్పందం అక్కడే కుదిరిపోయింది.

ఆదివారం పొద్దున అశోక్‌నగర్ నుంచి మా ఇంటికి నడిచి వచ్చేవారు. రెండు టిన్నుల్లో చేసేవాళ్లం, ఒకటి ఆయన చేత్తో, ఒకటి నా చేత్తో. ఇంటికెళ్లేటప్పుడు నాది తీసుకెళ్లి ఆయనది మాకు వదిలేవారు. మంచిది మీరే తీసుకెళ్లండి అంటే, "నా రొట్టె నాకు ఎరుకే గదా. నీది తింటెనే తప్పేందో తెలుస్తది" అనేవారు.

తప్పు ఎప్పుడూ ఒకటే. పాతికేళ్లుగా చపాతీలు చేసిన చెయ్యి నాది. పిండి వేళ్లకు అంటుకుందంటే చాలు, నా ప్రమేయం లేకుండానే పొడిపిండి డబ్బా వైపు పోతుంది. చపాతీకి ముద్ద గట్టిగా ఉన్నా చెల్లుతుంది. గోధుమ బ్రెడ్డుకు మాత్రం జారుగా, జిగురుగా ఉండాలట, లేకపోతే పొంగదట. "అంటుకుంటే పరేషాన్ కాకు. దానికింక పని ఉన్నది, అందుకే చెయ్యి ఇడుస్తలేదు" అని, ఆ జిగురు ముద్దని గట్టుమీద కొట్టి, మడిచి, మళ్లీ కొట్టేవారు. కాసేపటికి అది నున్నగా అయిపోయేది. నాకెప్పుడూ అంత ఓపిక ఉండేది కాదు. అందుకే ఆయన వంటింట్లోకి రాగానే చెప్పులు విప్పినంత మామూలుగా పొడిపిండి డబ్బా తీసి ఫ్రిజ్ మీద పెట్టేసేవారు. ఆయన అటు తిరగ్గానే నేను ఓ చిటికెడు దొంగిలించేదాన్ని. సోమవారం దొరికిపోయేదాన్ని. "మల్ల జల్లినవు గదా?"

ఇక ఓవెన్ లోంచి తీశాక ఇంకో గొడవ. కమ్మటి వాసనకి మా ఇంటిల్లిపాదీ కత్తి పట్టుకుని నిలబడేవాళ్లు. ఆయన కాపలా కుక్కలా కూర్చునేవారు. "చల్లారెదాక అది లోపల కాల్తనే ఉంటది. వేడిమీద కోస్తె ఆగమైతది." చల్లారాక మొదట కోసే అంచు ముక్క మాత్రం ఆయనదే. రెండేళ్లు ఇలా గడిచాయి. ఒక్కసారన్నా బాగుందని అనిపించుకోవాలన్నది నా పంతం. ఆ చివరి ఆదివారం డబ్బా ముట్టుకోలేదు, ఒట్టు. తీర్పు చెప్పకుండానే ఆయన వెళ్లిపోయారు.

మూడోరోజు పిట్టకు పెడుతున్నామని, ఆయనకిష్టమైన రొట్టె తెమ్మని పెద్దమ్మ కబురు చేసింది. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ పెట్టి, పిట్ట ముట్టాకే ఇంట్లోవాళ్లు తింటారు. తెల్లవారుజామునే లేచి, డబ్బా నేనే ఫ్రిజ్ మీద పెట్టి, పిండి కలిపాను. కానీ పొంగడానికి దాని టైము అది తీసుకుంది. వేడి వేడి రొట్టెని తువ్వాల్లో చుట్టుకుని ఆటో ఎక్కాను.

డాబా మీద విస్తరిలో అన్నం, మటన్ కూర పెట్టి అందరూ ఎదురుచూస్తున్నారు. కాకి నీళ్ల ట్యాంకు మీద కూర్చుంది, కిందికి రాదు. పాలమూరు నుంచి వచ్చిన చుట్టాలు ఆకలి మీదున్నారు. నేను గబగబా కత్తి తీశాను. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"జర ఆగు బిడ్డా. వేడిమీద కోస్తె ఆయన ముట్టడు."

రొట్టెని పిట్టగోడ మీద గాలికి పెట్టి కూర్చున్నాం. చాలాసేపు ఓర్చుకుని చివరికి అడిగేశాను.

"ఆదివారం రొట్టె తిని ఏమన్నారు పెద్దమ్మా?"

"ఏమనలేదు బిడ్డా. ఎప్పుడు ఏదో ఒకటి గొణుగుతనే తింటుండె. ఆనాడు ఏమనకుండ తిన్నడు."

నాకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. చెయ్యి ఆనించి చూస్తే రొట్టె చల్లారింది. అంచు ముక్క కోసి విస్తరిలో పెట్టాను. కాకి దిగింది, మటన్ దాటుకుని వెళ్లి ఆ ముక్క ఎత్తుకుపోయింది. మళ్లీ ట్యాంకు మీద కూర్చుని, ముక్కను కాలికింద అదిమిపట్టి, తొందర లేకుండా కొరుక్కు తింటోంది. తిన్నంతసేపూ ఒక్కసారి కూడా అరవలేదు.