రెండడుగుల పురుగు

నోరు జారి కొంపలు ముంచుకున్నవాళ్ళను మీరు చాలామందిని చూసుంటారు. నోరు జారకూడదని ఒళ్ళు దగ్గర పెట్టుకుని, కట్టుకున్నవాణ్ణి ఆస్పత్రిపాలు చేసిన ఘనత మాత్రం నాదే.

నేను బడి మెట్లెక్కలేదు. తాతగారే ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పారు. పాముకు బయటికి కనబడే చెవులుండవనీ, నేల అదురుతో మన రాక కనిపెడుతుందనీ, నాలుక ఆడించి వాసన పడుతుందనీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. అంతా చెప్పి, "పేరు మాత్రం పైకి అనకమ్మా, పిలిచినట్టవుతుంది. పురుగు అను" అనేవారు. మొగుడి పేరూ పైకి అనకూడదన్నది నానమ్మ నియమం. ఈ రెండూ మూటగట్టుకుని, కొత్త పెళ్ళికూతురిగా 2011లో నాటింగ్‌హామ్‌లో దిగాను.

మావారి పేరు నాగరాజు. నా అవస్థ అర్థమైందా?

ఏప్రిల్‌లో ఎండ కాసిన ఓ ఆదివారం పులిహోర డబ్బా కట్టుకుని ఊరి బయటి బీడుకి వెళ్ళాం. కార్ పార్కుకు పది అడుగుల్లో ఓ మొద్దు పక్కన దుప్పటి పరిచాం. ఆ మొద్దు వారనే, చలికాలమంతా నిద్రపోయి లేచిన జీవం ఒకటి ఎండకు ఒళ్ళు కాచుకుంటోంది. వీపు పొడుగునా నల్లటి మెలికల గీత. ఇంగ్లండులో విషమున్న పాము అదొక్కటేనట, యాడర్ అంటారట. నాకు తెలిసి చచ్చిందా!

"ఏమండీ, కదలకండి! పురుగు!"

"పురుగేగా" అన్నారు హైదరాబాదులో మూడో అంతస్తులో పెరిగిన ఆ మహానుభావుడు. తలైనా తిప్పకుండా, చీమను దులిపినట్టు మొద్దు వైపు చేత్తో దులిపారు.

"అబ్బా! కుట్టిందే!"

అది మాకంటే ఎక్కువ నొచ్చుకున్నట్టు తుప్పల్లోకి వెళ్ళిపోయింది. వేలి మీద రెండు చుక్కలు. చెయ్యి చూస్తుండగానే బూరెలా పొంగింది. అంబులెన్సు కోసం 999 నొక్కి, కార్ పార్కు బోర్డు మీద ఉన్న ఆ చోటి పేరు చదివి, పురుగు కరిచిందని నా ఇంటిచదువు ఇంగ్లీషులో చెప్పాను.

"ఏం పురుగు, డక్?" అంది ఫోనెత్తినావిడ.

ఆ ఊళ్ళో ఆప్యాయంగా అందరినీ డక్ అంటారని నాకింకా తెలీదు.

"బాతు కాదండీ, పురుగే."

"కందిరీగా?"

"కాదండీ, పొడుగ్గా ఉంది. రెండడుగులు."



"కాళ్ళెన్ని?"

"లేవండీ."

"రెక్కలు?"

"అవీ లేవు. వీపు మీద ముగ్గుంది."

"డక్, అది పామా?"

"ఆ మాట మీరన్నారు, నేననలేదు!"

"సరే. కరిచింది ఎవర్ని?"

"మావార్నండీ."

"పేరు?"

"ఉందండీ. చాలా మంచి పేరు."

"తల్లీ, నీకు దణ్ణం పెడతా, చెప్పవే" అని మావారు మూలిగారు. అప్పటికే పెదవులు ఉబ్బాయి, మొహం పాలిపోయింది. ఆ మాటతోనే కళ్ళు మూతలు పడ్డాయి.

ఫోన్లో ఆవిడ గొంతు మారింది. "కదలనివ్వకండి, చేతికి ఏమీ కట్టకండి. ఆయన్ని పేరు పెట్టి పిలవండి. గట్టిగా!"

తాతగారు, నానమ్మ, నియమాలు, అన్నీ ఆ బీడులోనే వదిలేశాను. "నాగరాజూ! ఓ నాగరాజూ! కళ్ళు తెరవండీ!"

"అదా పేరు, డక్? ఇంతసేపూ దాచారేం?" అంది ఫోను.

ఒక కన్ను మెల్లగా తెరుచుకుంది. "పెళ్ళై ఏడు నెలలు" అన్నారు ముద్ద ముద్దగా. "ఇప్పటికి పిలిచావన్నమాట. ఇంకోసారి అనవూ?"

అన్నాను. అంబులెన్స్ వచ్చేదాకా, ఏడుస్తూ, అంటూనే ఉన్నాను.

మందు ఎక్కించి రెండు రోజులు ఉంచుకున్నారు. తొక్కితేనో, చెయ్యి పెడితేనో తప్ప అది కరవదనీ, దానివల్ల చనిపోయేవాళ్ళు బహు అరుదనీ డాక్టరు చెబుతుంటే మనసులోనే దేవుడికి మొక్కాను. నర్సమ్మ చీటీ చూసి పేరుకు అర్థమేమిటంది. పాములరాజు అని చెప్పగానే గోడకు ఆనుకుని నవ్వింది. ఇప్పటికీ దీపం పెట్టినప్పుడు, మొహమైనా చూడని ఆ ఫోను బాతక్కకూ, విషం అంతటితో సరిపెట్టిన ఆ పాముకూ కలిపి ఒక దణ్ణం పెడతాను.

కాబట్టి దీపం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకపై పామును పామనే అంటాను, కనబడగానే, ఊరంతా వినబడేలా. మావారిని రోజుకొక్కసారైనా పేరుపెట్టి పిలుస్తాను. పిలుస్తూనే ఉన్నాను కూడా. పిలిచిన ప్రతిసారీ ఆయన రెండు కాళ్ళూ సోఫా మీదికి ఎత్తేసుకుని, "ఎక్కడే, ఎక్కడ?" అంటారు.