మూల చిరిగిన కార్డు

మా చిన్నప్పుడు... సిద్దిపేటలో మా తెలుగు పంతులు దగ్గర పదకొండు మంది పిల్లలం, వాచకం మాత్రం ఒక్కటే. సర్కారు బడిలో అంతా ఉర్దూ. అందుకని పంతులు తన ఇంటి అరుగు మీదే తెలుగు చెప్పేవారు. "అక్షరమున్న కాయితం ఏదున్నా తెండి" అనేవారు. పొట్లాల కాయితాలు, పెళ్లి పత్రికలు, అగ్గిపెట్టెల మీది చీటీలు... అవే మా పుస్తకాలు.

ఆయన నియమం ఒక్కటే. చివరి అక్షరం దాకా చదవనిదే అర్థం చెప్పకూడదు. చెప్తే మళ్లీ మొదటినుంచి చదవాలి.

మా నాన్నను బాపు అనేవాళ్లం. ఆయన తల్లి బాపమ్మకు ఇది గిట్టేది కాదు. మాది నేతపని చేసే ఇల్లు. "పొట్లం కాయితాలు చదివే బడేందే? దసరా దాటినంక బంద్. ఇంట్ల కూసొని కండెలు చుట్టు" అంది. బాపు అప్పటికే దూరాన భీవండికి మగ్గం పనికి పోయి ఉన్నాడు. నేనే ఆయనకు కార్డు రాశాను... బడి మాన్పిస్తున్నారని, తెలుగు అక్షరాలున్న కాయితం దొరికితే పంపమని.

నెలకు జవాబు వచ్చింది. కార్డుకు ఒక మూల లేదు.

ఆ రోజుల్లో చావు కబురు కార్డుకే మూల చించి పంపేవారు. దాన్ని గడప దాటనిచ్చేవారు కాదు. బాపమ్మ వాకిట్లోనే కూలబడి "కొడుకా..." అని శోకం ఎత్తుకుంది. అవ్వ, అంటే మా అమ్మ, మగ్గం గుంటలోంచి లేవలేకపోయింది. టపా తెచ్చినాయనకు తెలుగు రాదు. పంతులేమో కోహెడ పోయారు.

"ఇటియ్యిండ్రి, నేను చదువుత" అన్నాను.

"పోరికేం దెలుసు!" అన్నారు వాకిట్లో చేరినవాళ్లు.

"చివరిదాక చదవకుండ ఎవలూ ఏడ్వొద్దు" అని గద్దించాను. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. కార్డు అందుకుని మొదటినుంచి చదవసాగాను.

నాలుగో వరుసలో ఉంది... "నేను మంచిగున్న. దసరాకు వస్త. పిల్ల అడిగిన తెలుగు కాయితం, నూలు కట్ట మీది చీటీ, ఈ మూలకు అంటించి పంపుతున్న. పిల్ల బడి మానొద్దు."

అంటించిన చీటీ దారిలో ఎక్కడో మూలతో సహా ఊడిపోయింది!

బాపమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఇంకోపారి చదువవే" అంది. పొద్దుగూకేలోపు ఏడుసార్లు చదివించింది. లెక్క నాకు బాగా గుర్తు.

పంతులు ఊరినుంచి రాగానే బాపమ్మే అరుగు దగ్గరికి వచ్చి, కొంగుముడి విప్పి మూడు పొట్లం కాయితాలు ఆయన ముందు పెట్టింది. "మా పోరికి చెప్పుండ్రి పంతులూ. ఇంట్ల ఇంకున్నయి."

ఇప్పుడు మా ఇంట్లో అల్మారా నిండా పుస్తకాలే... పిల్లలు మాత్రం ఫోన్లో కబురు సగం చదివి కంగారుపడతారు. మీకు చదువు నేర్పిన మొదటి కాయితం ఏదో ఇక్కడ రాయండి. చివరి అక్షరం దాకా చదివే అలవాటు నాకింకా పోలేదు.