ఫాటక్ దగ్గర ఆగే రైలు

మా పెరట్లో నడిచే రైలుకు పట్టాల మధ్య దూరం నలభై ఐదు మిల్లీమీటర్లు. అసలు లైనుకు అది ఏడువందల అరవై రెండు. అంటే దాదాపు పదిహేడో వంతు. రాయపూర్ నుంచి దక్షిణానికి పోయే ఆ చిన్న లైనును ఊళ్ళో ఎత్తేసి, దానిమీద రోడ్డు వేసిన తరువాత, నేను దానిని ఇంటి వెనుక మళ్ళీ పరవడం మొదలుపెట్టాను. నాన్న ఆ లైను మీదే డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యారు. అమ్మ పోయాక నా దగ్గరే ఉంటున్నారు.

సిల్తారాలో ఒక స్పాంజ్ ఐరన్ కర్మాగారంలో కొలత పరికరాల విభాగం నాది. ఉజ్జాయింపుగా ఏ పనీ చేయలేను. స్లీపర్లకు గుఢియారీ కలప అడితిలో మిగిలిన టేకు ముక్కలు తెచ్చి కోశాను. కంకరకు బదులు మా కర్మాగారపు చిట్టెపు రాళ్ళను రెండు జల్లెళ్ళలో జల్లించాను. పట్టాలు ఇత్తడివి, మే నెల ఎండకు సాగుతాయి కాబట్టి మీటరుకు ముప్పావు మిల్లీమీటరు ఖాళీ వదిలాను. సిల్తారా నుంచి వచ్చే నల్లటి పొడి పట్టాల మీద రోజూ పేరుకుంటుంది. కరెంటు పట్టాల గుండా పంపితే బండి మాటిమాటికీ ఆగిపోతుందని ఇంజిన్‌లోనే బ్యాటరీ పెట్టాను.

స్కేలుకు లొంగనిది దూరం ఒక్కటే.

"దూరం కూడా లెక్కప్రకారం వేస్తానంటే, మీ అమ్మాయి బీర్‌గావ్ దాకా ఇళ్ళన్నీ కూలగొట్టిస్తుంది మావయ్యా" అన్నాడు నా భర్త.

"కూలగొట్టనీ. ఆ రోడ్డు మీంచి మా లైను తెచ్చుకుంటాం" అన్నారు నాన్న. ఆయన నవ్వడం చూసి చాలా రోజులైంది.

రోడ్డు ఆ లైనును దాటే చోట కాపలా లేని ఒక ఫాటక్ ఉండేది. నేను ఏడో తరగతిలో ఉండగా, వానాకాలంలో ఒక ఉదయం, గంపతో పట్టాలు దాటుతున్న కూరగాయల ఆమె అక్కడ నాన్న బండి కింద పడి చనిపోయింది. ఫాటక్‌కు ముందు పట్టాల పక్కన పసుపు పలక ఒకటి ఉంటుంది. దానిమీద హిందీలో 'సీ/ఫా' అని రాసి ఉంటుంది: ముందు ఫాటక్ ఉంది, సీటీ వెయ్యి, అంటే కూత పెట్టు అని. విచారణలో అసిస్టెంటు డ్రైవరు, సీటీ వేశారు, నేను విన్నాను అని చెప్పాడు. కాగితం మీద అదే ఎక్కింది. నాన్నకు మాత్రం వేసినట్టు గుర్తు లేదు. వేయనట్టూ గుర్తు లేదు. కాగితాన్ని ఆయన ఏనాడూ నమ్మలేదు. మధ్యాహ్నపు కునుకులోంచి ఉలిక్కిపడి లేచి, ఎదురుగా ఎవరుంటే వారిని "సీటీ ఏసేనా?" అని అడిగేవారు. "వేశావు నాన్నా" అనేదాన్ని. చిన్నప్పుడూ అదే, నలభై దాటాకా అదే.

ఆ ఫాటక్‌ను నేను కట్టాలనుకోలేదు. నాన్నే కట్టమన్నారు. పలక ఎత్తు, అక్షరాల మందం ఆయనే చెప్పారు. పలక నుంచి ఫాటక్‌కు మా పెరట్లో నాలుగు మీటర్లు.

సాయంత్రం కర్మాగారం నుంచి వచ్చి, పట్టాలు తుడిచి, బండి వదిలేదాన్ని. నాన్న వరండాలో పేము కుర్చీలో కూర్చునేవారు. ప్రహరీ అవతల నుంచి పొరుగింటి ఆమె ఛత్తీస్‌గఢీలో కేకవేసేది: "కా కాకా, ఆజ్ ఫేర్ లేట్?" ఈ రోజూ లేటేనా అని. "సిగ్నల్ నహీ మిలా, బాయీ!" సిగ్నల్ దొరకలేదని నాన్న జవాబు.

మొదటి వారంలోనే ఒకటి గమనించాను. ఇంజిన్ పసుపు పలకను దాటగానే నాన్న కుడిచేయి కుర్చీ మీంచి లేచి, గాలిలో సీటీ పిడి పట్టుకున్నట్టు కిందికి లాగేది. పేపరు చదువుతున్నా లేచేది. మాట్లాడుతున్నా లేచేది. ఆయనకు ఆ సంగతి తెలియదని అనుకున్నాను. ఇంజిన్‌లో చిన్న స్పీకరు అమర్చి, ఆ చేయి లేచినప్పుడల్లా రిమోట్ మీద సీటీ మీట నొక్కడం మొదలుపెట్టాను. నూట నలభై చుట్లు లెక్కపెట్టాను. ఒక్కసారి కూడా చేయి తప్పలేదు.

ఇంత నమ్మకమైన చేయి ఆ ఒక్క ఉదయం ఎందుకు తప్పుతుంది? ఈ ప్రశ్నే నన్ను పాడుచేసింది. పలక లేకపోయినా, ఆ చోటుకు రాగానే చేయి తనంతట తానే లేస్తుందని చూపిస్తే రుజువు పూర్తవుతుందనిపించింది. ఒక సాయంత్రం బండి జామచెట్టు వెనక్కి వెళ్ళినప్పుడు, పలకను పీకి జేబులో వేసుకున్నాను.

బండి మలుపు తిరిగింది. పలక ఉండవలసిన చోటు దాటింది. నా బొటనవేలు మీట మీదే ఉంది. నాన్న చేయి కుర్చీ మీదే ఉంది. బండి చప్పుడు లేకుండా ఫాటక్ మీంచి వెళ్ళిపోయింది.

నాన్న బండిని చూడలేదు. ఫాటక్‌నే చూస్తున్నారు.

"బోర్డేదమ్మా?"

"పడిపోయినట్టుంది నాన్నా."

"పడిపోలేదు. నువ్వు తీసీసేవు." కోపం లేదు ఆ గొంతులో. "ఆ రోజూ నాకు బోర్డు అగుపడలేదు. వానలకి బేషరమ్ మొక్కలు పెరిగిపోయి కప్పీసినాయి. అది మాత్రం బాగా గుర్తు."

"విచారణలో చెప్పలేదా?"

"అసిస్టెంటు పిల్లలుగలోడు. నన్ను కాపాడ్డానికి విన్నానన్నాడు. నాను నోరు తెరిస్తే ఆడి నౌకరీ పోద్ది." తన కుడిచేతి వంక చూసుకున్నారు. "బోర్డు సూసి లేచే చెయ్యి, బోర్డు లేకపోతే లేస్తాదా? ఇప్పుడు సూసేవు గదా."

"ఒక్కసారి చూస్తే రుజువు కాదు నాన్నా. కనీసం..."

"సాల్లే, ఇంజనీరమ్మా. అడిగిందానికి జవాబు దొరికింది."

ఆ తరువాత ఆయన ఆ ప్రశ్న ఎవరినీ అడగలేదు. నిశ్చింత వల్ల కాదు. సీటీ వేయలేదన్న జవాబును ఆయనకు ఇచ్చింది నేను.

మర్నాడు పలక మళ్ళీ పాతాను. నాన్న కుర్చీలో కూర్చోలేదు. "ఫాటక్‌కి ముందు బండి ఆపు" అన్నారు. ఆ కూరగాయల ఆమె పోయిన తరువాతే అసలు ఫాటక్ దగ్గర రైలుతో పాటు వచ్చే గేట్‌మ్యాన్‌ను పెట్టారట. బండి ఆగేది, అతను దిగి గేటు వేసేవాడు, బండి దాటాక గేటు తీసి, పరుగెత్తి చివరి పెట్టె ఎక్కేవాడు. నాన్న కూడా అంతే. వంగడానికి ఒక చేత్తో జామకొమ్మ పట్టుకుని, రెండు వేళ్ళతో, నేను చేసిపెట్టిన మూడంగుళాల గేటు వేసేవారు. బండి దాటాక రోడ్డుకు అటూ ఇటూ చూసి తీసేవారు. ఆ రోడ్డు పొడవు ముప్ఫై సెంటీమీటర్లు. దానిమీద నేను ఏ బొమ్మనూ పెట్టలేదు. అయినా అటూ ఇటూ చూసేవారు.

చుట్టు చుట్టుకీ లేవవద్దని ఎంత చెప్పినా వినలేదు. చివరికి నేనే లొంగిపోయి, బండి అక్కడ దానంతటదే ఆగేలా పట్టాల మధ్య ఒక అయస్కాంతం పెట్టాను. మళ్ళీ కదలాలంటే గేటు వేయాలి.

నాన్న పోయి రెండు వానాకాలాలు దాటాయి. పలక చుట్టూ మొలిచే గడ్డిని వారానికి రెండుసార్లు కత్తెరతో కత్తిరిస్తాను. అయస్కాంతం తీయడం అరనిమిషం పని; తీయలేదు. బండి మలుపు తిరిగి, ఫాటక్‌కు ముందు ఆగుతుంది. వరండాలోంచి ఎవరైనా లేస్తారేమోనని చూస్తాను. తరువాత నేనే వెళ్ళి, జామకొమ్మ పట్టుకుని వంగి, గేటు వేస్తాను.