సాధారణ వైద్యుడి సాక్ష్యం

ఆపరేషన్ గదిలో నింపాదిగా పనిచేస్తారని చదువుకునే రోజుల్లోనే ఆ సర్జన్‌గారికి "తాపీ" అన్న పేరు పడింది. అదే గదిలో ఆయన సహాధ్యాయికి "బంగారు చెయ్యి" అన్న పేరు వచ్చింది. ఇద్దరికీ జుట్టు నెరిసినా ఆ పేర్లు చెరగలేదు. బంగారు చెయ్యిగారి ఆసుపత్రి వెనక వీధిలోనే ఉండడంతో, తాపీగారి క్లినిక్ గేటు తీసేవాళ్ళలో సగం మంది దారి అడగడానికే వచ్చేవారు. ఆయన పట్ల న్యాయంగా చెప్పాలంటే, ఎవరికీ తప్పుదారి చూపలేదు. అయితే పక్కనే సందు ఉండగా, పోస్టాఫీసు మీదుగా చుట్టుదారి చెప్పేవారు.

ఈ కడుపుమంటకు ఇంట్లోనే ఆజ్యం పడింది. భార్యకు పిత్తాశయంలో రాళ్ళు చేరినప్పుడు, సొంతవాళ్ళ మీద కత్తి పట్టకూడదని ఆయనే అన్నారు.

"హమ్మయ్య! అయితే అన్నయ్యగారి చేతే చేయించుకుంటాను," అన్నదావిడ. బంగారు చెయ్యిని ఆవిడ పిలిచేది అలాగే.

ఆపరేషన్ కుట్లు మానాయి గాని, ఆ "హమ్మయ్య" ఆయనలో మానలేదు.

అలాంటి మనిషిని, బంగారు చెయ్యి మీద పడిన కేసులో నిపుణుడిగా అభిప్రాయం చెప్పమని కోర్టు కోరింది. కుట్టుపని చేసుకునే ఒక మహిళకు బంగారు చెయ్యి చిన్న రంధ్రంలోంచి కెమెరాతో చూస్తూ పిత్తాశయం తీస్తుండగా, దాని పక్కనున్న, పైత్యరసం పారే పైత్యనాళం తెగింది. వెంటనే గుర్తించి పొట్ట తెరిచి సరిచేశారు. అయినా ఆమె నెలల తరబడి మంచం దిగలేదు. అది నిర్లక్ష్యమేనని ఆమె దావా. ఇద్దరం కలిసి చదువుకున్నామని తాపీగారు ముందే కోర్టుకు తెలియజేశారు. ఇరుపక్షాలూ అభ్యంతరం చెప్పలేదు. అసూయ సంగతి ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఆపరేషన్ వీడియో చేతికి వచ్చింది. క్లినిక్ తలుపు వేసుకుని, ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ మళ్ళీ చూశారు.

"అన్నయ్యగారి తప్పు దొరికేదాకా భోజనానికి రారా ఏమిటి?" అని భార్య తలుపు తట్టింది.

"నువ్వు తినెయ్యి."

"అంటే దొరకలేదన్నమాట!"

నిజంగానే దొరకలేదు. వాపు వల్ల కోయాల్సిన పిత్తాశయం నాళమూ, కోయకూడని పైత్యనాళమూ అతుక్కుపోయి, తెరమీద ఒక్కటిగానే కనిపిస్తున్నాయి. ఆ పరికరాలను నడిపిన వేళ్ళలో ఎక్కడా తొందర లేదు, తడబాటు లేదు. వాటి నేర్పు చూసిన ప్రతిసారీ ఆయనకు ఒళ్ళు మండింది. అయినా, "ఇంకాస్త జాగ్రత్త పడాల్సింది" అని ఒక్క ముక్క అంటే చాలు. బంగారు చెయ్యి పేరు మట్టిలో కలిసిపోతుంది. ఆ ముక్కను కాదనగల వాళ్ళు కోర్టులో ఎవరూ ఉండరని ఆయనకు తెలుసు.

తాపీగారు బోనులో నిలబడ్డాక, ఆ మహిళ తరపు వకీలు తానే అందుకు దారి తెరిచారు.

"ఊరంతా బంగారు చెయ్యి అంటారు కదండీ! అంతటివారికి నాళం కనిపించలేదంటే నిర్లక్ష్యం కాదా?"

ఆ ముక్క తాపీగారి నాలుక చివరిదాకా వచ్చింది.

"గొప్పవాడని ఎక్కువ తప్పు మోపకూడదండీ," అన్నారు చివరికి. "ఆ స్థితిలో సాధారణ వైద్యుడు ఏం చేస్తాడన్నదే కొలత."

"సాధారణ వైద్యుడంటే ఎవరండీ?" అన్నారు జడ్జిగారు.

బల్లల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. ఎవరూ తనను అలా పిలవకూడదనే తాపీగారు ఇన్నేళ్ళూ కుమిలిపోయారు.

"నేనేనండీ. నాకూ ఒకే నాళం కనిపించింది. నేనూ అక్కడే కోసేవాణ్ణి. ఆవిడ పడిన బాధ నిజం. ఇందులో నిర్లక్ష్యం మాత్రం నాకు కనిపించలేదు."

వరండాలో బంగారు చెయ్యి ఆయన భుజం పట్టుకున్నారు. "ఒరేయ్ తాపీ! కాపాడావు సరే, పదిమందిలో నన్ను నీతో సమానం చేసేశావు కదరా!"

"అలా చేస్తేనే బయటపడ్డావు."

"ఆ మాట అంటున్నప్పుడు నీ మొహం వెలిగిపోయింది. నేను చూడలేదనుకోకు!"

తాపీగారు కాదనలేదు. సాక్ష్యం నిజమైనదే, ఆ సంతోషమూ నిజమైనదే. ఒకదాని వల్ల రెండోది చెల్లకుండా పోదని నా అభిప్రాయం.

తీర్పు బంగారు చెయ్యి పక్షాన వచ్చింది. పేపర్లో పడడంతో ఆసుపత్రికి జనం రెట్టింపయ్యారు. వారం తిరక్కుండానే ఒక పెద్దమనిషి క్లినిక్ గేటు తీశాడు.

"అయ్యా, కోర్టులో గెలిచిన ఆ బంగారు చెయ్యిగారి ఆసుపత్రి ఎటండీ?"

తాపీగారు పక్క సందువైపు ఒకసారి చూశారు.

"తిన్నగా వెళ్ళి, పోస్టాఫీసు దగ్గర తిరగండి," అన్నారు.