ముగ్గుతో కట్టిన ఇల్లు

పోయిన మంగళవారం బాపట్లలో మా మేనత్త కన్నుమూసింది. రేపల్లెలో ఫోను మా నాన్నే ఎత్తాడట. రిసీవరు పెట్టేసి, "చెల్లి పోయింది" అని అమ్మతో ఒక్క మాట అని, వంటింట్లోకి వెళ్ళి కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డాడట. మా ఇంట్లో అత్తయ్యను తలుచుకోవలసిన చోటు అదే. ఎందుకో చెబుతాను.

అత్తయ్య బాపట్లలో ఆడపిల్లల హైస్కూల్లో హోంసైన్సు టీచరు. బడిలో కుట్లూ వంటలూ నేర్పేది గానీ ఆమెకు అసలు పిచ్చి ఇళ్ళ మీద. ఎవరింటికి వెళ్ళినా ముందుగదిలో కూర్చునేది కాదు. తిన్నగా వంటింటి గుమ్మం దాకా పోయి, కిటికీ ఎక్కడుందో చూసి, "ఈ చీకట్లో ఎట్లా వండుతున్నావే తల్లీ" అనేది. కొందరికి కోపం వచ్చేది. తర్వాత ఇల్లు కట్టుకునేటప్పుడు కబురు పెట్టేదీ వాళ్ళే.

ఎనభైల నడుమ తాతయ్య మా పాత పెంకుటిల్లు తీసేసి స్లాబు ఇల్లు కట్టాలనుకున్నాడు. అప్పటికే నాయనమ్మకు మోకాళ్ళు అరిగిపోయాయి. పొయ్యి ముందు కూర్చుంటే ఇద్దరు పట్టుకుని లేపాలి. కింద కూర్చోవద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. "ఇంక వంట కోడలు చూసుకుంటుంది. నువ్వు హాయిగా కూర్చో" అని తాతయ్య తేల్చేశాడు. ప్రేమతోనే అన్నాడు. నాయనమ్మ ఆనాటి నుంచి సరిగ్గా అన్నం తినడం మానేసింది. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో ఆమె మాట చెల్లిన చోటు వంటిల్లొక్కటే.

అమ్మ ఈ సంగతి చెప్పి పంపితే అత్తయ్య శనివారం సాయంత్రం బస్సు దిగింది. తాతయ్య గీయించిన ప్లాను చూసింది. వంటిల్లు వెనక మూల, పక్కింటి గోడకు ఆనుకుని ఉంది.

"నాన్నగారూ, ఇందులో అమ్మ ఎక్కడ నిలబడుతుందండి?"

"వంటింట్లో దానికింక పనేంటి?"

"గట్టు కట్టిస్తే నిలబడి వండుకుంటుంది. వంటిల్లు ముందుకు తెద్దాం. వీధివైపు పెద్ద కిటికీ పెడదాం."

"వీధి మొహాన వంటిల్లా? చూసినవాళ్ళు నవ్విపోతారు."

"తూర్పు వాకిలి కదండీ. ఆగ్నేయం వీధివైపే వస్తుంది. శాస్త్రం కూడా నా పక్షమే."

తాతయ్య కండువా దులిపి భుజాన వేసుకుని అక్కణ్ణించి లేచిపోయాడు.

కాగితం మీద వాదించి లాభం లేదని అత్తయ్యకు అర్థమైంది. తెల్లవారగానే, పెంకుటిల్లు తీసేసి చదును చేసిన స్థలంలోకి ముగ్గు బస్తా మోయించింది. అమ్మా నేనూ తాడు పట్టుకున్నాం. మేస్త్రి పునాదులకు పోసినట్టే, గదులన్నీ అసలు కొలతలతో ముగ్గు పోసింది. గుమ్మాలున్న చోట గీత ఆపింది. ఎండెక్కేసరికి నేల మీద ఇల్లు లేచింది. అప్పుడు మేస్త్రితో సహా అందర్నీ పిలిచింది.

తాతయ్య అడ్డంగా నడిచి వచ్చేశాడు.

"అది గోడ నాన్నగారూ. గుమ్మం ఇటుంది."

మేస్త్రి తల పక్కకు తిప్పుకున్నాడు. తాతయ్య ఒక్క క్షణం ఆగి, వెనక్కి వెళ్ళి, గుమ్మంలోంచి వచ్చాడు. వచ్చాక, "నా పడక్కుర్చీ ఎక్కడేస్తారు?" అన్నాడు. అక్కడే సగం గెలిచాం.

నాయనమ్మను నడిపించుకొచ్చి ఆగ్నేయం గదిలో నిలబెట్టింది అత్తయ్య. ఆమె ముందు ఇటుకలు పేర్చి, "పిండి కలిపినట్టు చేతులు పెట్టమ్మా" అంది. ఎత్తు ఎక్కువైతే ఇటుక తీసింది, తక్కువైతే పెట్టింది. నాయనమ్మ నడుము వంచకుండా, భుజాలు ఎత్తకుండా చేతులు ఆడించే దాకా వదల్లేదు. "ముందు మనిషిని కొలవాలి, తర్వాతే స్థలాన్ని" అని మేస్త్రితో అంది. ఆ మాట తర్వాత ఎన్ని ఇళ్ళల్లో విన్నానో.

నాయనమ్మ తలెత్తి వీధిలోకి చూసింది. "ఇక్కణ్ణించి వచ్చేపోయేవాళ్ళు కనిపిస్తారు" అంది.

"వాళ్ళకి నువ్వూ కనిపిస్తావు" అన్నాడు తాతయ్య.

"కనిపించనివ్వండి. ఇన్నేళ్ళు వండాను, ఎవరూ చూడలేదు."

తాతయ్య ఆమె పక్కకు వచ్చి తనూ వీధిలోకి చూశాడు. చివరికి మేస్త్రి వైపు తిరిగి, "అమ్మాయి చెప్పినట్టే పొయ్యవయ్యా పునాది" అన్నాడు.

గృహప్రవేశం నాడు నాయనమ్మ నల్లరాతి గట్టు ముందు నిలబడి పాలు పొంగించింది. మధ్యాహ్నం వంటవాళ్ళను పక్కకు జరగమని తనే గరిటె పట్టుకుంది. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆ గట్టు ఆమెదే. కిటికీలోంచి చేపలమ్మే ఆమె దగ్గర నుంచి పోస్టుమాన్ దాకా అందర్నీ పలకరించేది. వచ్చిన చుట్టాలకు తాతయ్య ముందు వంటిల్లే చూపించేవాడు. "మా అమ్మాయి గీసింది" అనేవాడు, తనే ఒప్పించినట్టు.

చూసిపోయినవాళ్ళు ఊరుకోలేదు. బాపట్లలో, రేపల్లెలో, తెనాలిలో పిలుపులే పిలుపులు. ఆదివారం వస్తే అత్తయ్య బస్సులోనే ఉండేది. తెనాలిలో రెండు మేడల మధ్య ఇరుక్కున్న సన్నటి స్థలంలో, మధ్యగది కప్పులో వెలుతురు దిగేలా గాజుపలక పెట్టించి పట్టపగలు లైటు అవసరం లేకుండా చేసింది. ఆ ఇంటావిడ అత్తయ్య చేతులు పట్టుకుని, "మా పిల్లలు ఇప్పుడు బయటికి పోకుండా గదిలోనే కూర్చుని చదువుకుంటున్నారండి" అంటే, "మరి అందుకేగా కట్టుకుంది" అని నవ్వేసింది.

రెండేళ్ళ క్రితం తెనాలిలో మా ఆయనా నేనూ ఇల్లు మొదలుపెట్టాం. గోడలు లేచాయి, స్లాబు ఇంకా పడలేదు. అత్తయ్య గొడుగు వేసుకుని వచ్చి, చీరకుచ్చెళ్ళు కాస్త ఎత్తి పట్టుకుని, ఇసుక కుప్ప దాటుకుంటూ గదిగదీ తిరిగింది. హాల్లో ఒక మూల చూపించి, "ఇక్కడ ఏం పెడతావే?" అంది.

"ఇంకా అనుకోలేదు అత్తయ్యా."

"ఏం పెట్టకు. ఒక మూల ఊరికే ఉండనీ."

ఆ మాట అని గొడుగు మూసి గోడకు ఆనించింది. కప్పులేని ఆ గది మధ్యలో, నాలుగు పచ్చి గోడల నడుమ, నడుము మీద చేతులు వేసుకుని నిలబడింది. పొద్దుటి ఎండ ఇటుకల అంచు దాటి మెల్లగా కిందికి దిగుతోంది. అది ఎక్కడికి వచ్చి ఆగుతుందో చూడాలని, కళ్ళు చిట్లించుకుని, చిన్నగా నవ్వుతూ, కదలకుండా అలాగే నిలబడి ఉంది.