తోక విరిగిన ఏడు

మెట్లెక్కుతుండగానే ఆకురాయి చప్పుడు వినిపించేది. మూడు పొడుగు రాపిళ్లు, ఒక పొట్టిది, తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఆమె ఇనుప ముక్కను కిటికీ వెలుగుకెత్తి చూస్తూ ఉండేది.

గెర్లిండ్ ట్రౌట్‌ఫెటర్‌కు డెబ్బై తొమ్మిదేళ్లు. జూల్ పట్టణపు తుపాకుల ఫ్యాక్టరీలో ముప్పై ఎనిమిదేళ్లు పనిచేసింది. అది మూతపడ్డాక ఇనుము మీద అంకెలు కొట్టే తన తాత ఉక్కు అచ్చుల పెట్టె తెచ్చుకుని వంటింటి పక్క గదిలో బల్ల వేసుకుంది.

పాత సైనిక పిస్టళ్లు సేకరించేవాళ్లకు ఒక పట్టుదల ఉంది. గొట్టం మీద నంబరు డెబ్బై ఒకటితో ముగిస్తే చిన్న భాగాలన్నిటి మీదా డెబ్బై ఒకటే ఉండాలి. అన్నీ పుట్టుకతో వచ్చినవేనని గెర్లిండ్ చీటీ రాసిస్తే ఎవరూ మారు మాట్లాడేవారు కాదు. నేను ఒక వేలంశాలకు అమ్మకపు పట్టికలు రాస్తాను. ఎనిమిదేళ్లుగా ఆమె చీటీలను అక్షరం మార్చకుండా ఎక్కించాను.

ఆ అక్టోబరులో వ్యాపారి వీగాండ్‌తో కలిసి వెళ్లాను.

"ఏమ్మా, కళ్లింకా కనబడుతున్నాయా?" అన్నాడతను గుమ్మంలోనే.

"నీ పొట్ట కనబడుతోందిగా, చాలు. బూట్లు తుడుచుకుని రా."

అతను బల్ల మీద గుడ్డ విప్పాడు. పంతొమ్మిది వందల పదిహేడులో చేసిన పిస్టల్. వానలో తడిసిన పలకరాతి కప్పు రంగు. పిడి చెక్క మీద ఎవరిదో బొటనవేలు అరగదీసిన మెరుపు. గెర్లిండ్ దాన్ని విప్పి, ఒక్కో భాగాన్నీ భూతద్దం కింద పెట్టింది. లోపలి భాగాల్ని మూసే పక్క రేకు దగ్గర ఆగింది. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది. తర్వాత సొరుగులోంచి ఒక ఉక్కు అచ్చు తీసి, సీసం ముక్క మీద పెట్టి ఒక్క దెబ్బ కొట్టింది.

"రా, చూడు," అంది నాతో.

సీసం మీద ఏడు, రేకు మీద ఏడు. రెండింటికీ తోక చివర ఒకే చోట విరిగి ఉంది. గొట్టం మీది ఏడుకు తోక నిండుగా ఉంది.

"దేశాన్ని రెండుగా చీల్చిన గోడ కూలాక ఫ్యాక్టరీ మూసేశారే, ఆ చలికాలం ఈ అచ్చు నా చేతిలోంచి రాతి నేల మీద పడింది. అప్పుడు విరిగింది తోక. తర్వాత ఒకాయన వచ్చి వేరే పిస్టల్ రేకు అతికించి నంబరు కలపమన్నాడు. కలిపాను. ఇది నా పనే."

వీగాండ్ తలుపు దగ్గరగా వేశాడు. "మీరు చూడలేదు. నేనూ చూడలేదు. ఈయనా చూడలేదు. సరేనా?"

"ఈయన చూశాడు కదరా."

"అది కాదమ్మా! ఇది రాశారంటే మీ పాత చీటీలన్నీ ఏం కావాలి? రేపట్నుంచి ఎవడు నమ్ముతాడు మిమ్మల్ని?"

"నమ్మొద్దు. మళ్లీ చూసుకోమను."

ఆమె పెన్ను తీసుకుంది. చీటీ మీద ఇలా రాసింది: పక్క రేకు వేరే పిస్టల్‌ది, దాని మీది అంకె కొట్టింది నేను. కింద పూర్తి పేరు పెట్టింది. వీగాండ్ పిస్టల్‌ను గుడ్డలో చుట్టుకుని, కాఫీ తాగకుండానే దిగిపోయాడు. తర్వాత ఆ పిస్టల్ మా వేలానికి వచ్చినప్పుడు, అతను వదిలేసిన ఆ చీటీని కూడా అక్షరం మార్చకుండా పట్టికలో ఎక్కించాను.

ఆ తర్వాత ఆమె దగ్గరికి ఒక్క పిస్టల్ కూడా రాలేదు.

మొన్న వసంతంలో వెళ్లినప్పుడు మెట్ల మీద అదే చప్పుడు. మూడు పొడుగు, ఒక పొట్టి. బల్ల మీది బిగింపులో పక్కింటివాళ్ల తోటకత్తెర ఉంది. ప్లమ్ పళ్ల కేకు కోసి పెట్టి, పాత పట్టికలేమైనా తెచ్చావా అని అడిగింది. తెచ్చాను. భూతద్దం పట్టుకుని ఒక్కో బొమ్మా చూసింది. నేను లేస్తుంటే కోటు చేయి పట్టుకుంది.

"ఆ చలికాలం కొట్టినవి మొత్తం మూడు. ఒకటి దొరికింది, ఇంకా రెండున్నాయి. తోక విరిగిన ఏడు ఎక్కడ కనబడ్డా నాకు ఫోన్ చెయ్యి. పొద్దున ఆరింటికల్లా లేచే ఉంటాను."