సుబ్బయ్య గారి కుర్చీ

1989లో నేను తెనాలిలో ఒక మిషన్ ఆసుపత్రిలో ఆక్యుపేషనల్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. ఆ పేరు పలకడమే కష్టం, ఇక అర్థం చెప్పడం ఎంత కష్టమో మీరే ఊహించుకోండి. నేను మద్రాసులో అన్నేళ్ళు ఏం చదివానో బడిపంతులైన మా నాన్నకే చివరిదాకా బోధపడలేదు. జబ్బు వల్లో దెబ్బ వల్లో కాలూచెయ్యీ పడిపోయిన మనిషికి తన పనులు తాను చేసుకోవడం మళ్ళీ నేర్పడం మా వృత్తి. అన్నం కలుపుకోవడం, చొక్కా తొడుక్కోవడం, దొడ్డికి వెళ్ళిరావడం లాంటి రోజువారీ పనుల్ని మేము ఏడీఎల్ అంటాం. వినడానికి చిన్న పనులే. అవి చేసుకోలేని మనిషి ఎంత కుంగిపోతాడో దగ్గరుండి చూసినవాళ్ళకే తెలుస్తుంది.

సుబ్బయ్య గారిది రేపల్లె అవతల, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక చిన్న ఊరు. మూడెకరాల రైతు, అరవై దాటాయి, భార్య పోయింది. పక్షవాతంతో ఎడమవైపు పడిపోయింది గాని మాట, తెలివి చెక్కుచెదరలేదు. కొడుకు రేపల్లెలో రైసు మిల్లులో పనికి పోయేవాడు. పగలంతా ఆయన్ని చూసుకునేది కోడలు నాగమణి. కోడలి చేత కడిగించుకోవలసి వస్తుందని ఆయన పగలు మంచినీళ్ళు తాగడం మానేశారు, అన్నం సగానికి తగ్గించేశారు. ఈ సంగతి చెప్పడానికి నాగమణి ఆసుపత్రికి వచ్చి, చెప్పినంతసేపూ తల ఎత్తలేదు.

నేను వాళ్ళింటికి వెళ్ళాను. ముందుగా ఏ పని నేర్చుకోవాలనుంది బాబాయి గారూ అని అడిగాను. చాలామంది నడవాలంటారు.

"నా దొడ్డి పని నేను చేసుకోవాలమ్మా. ఇంకేం నేర్పకపోయినా ఫర్వాలేదు," అన్నారాయన.

ఆ ఊరి వడ్రంగి చేత తుమ్మచెక్కతో కమోడ్ చైర్ చేయించాను. అంటే కూర్చునే చోట గుండ్రంగా కోసి, కింద బక్కెట్టు పెట్టే కుర్చీ. దాన్ని వెనక గదిలో మంచం పక్కనే, మంచమంత ఎత్తులో అమర్చాం. మంచం మీదినుంచి కుర్చీలోకి మారడాన్ని మేము ట్రాన్స్‌ఫర్ అంటాం. ఆ సమయంలో కుర్చీ అంగుళం జరిగినా మనిషి కింద పడతాడు. అందుకని నాలుగు కాళ్ళూ నేలలో పాతించి సిమెంటు పోయించాను. ఏనుగు లాగినా కదలదని వడ్రంగి గొప్పలు పోతే, అతనికన్నా ఎక్కువ నేను మురిసిపోయాను.

అలా మారడం నేర్పడానికి నెలన్నర పట్టింది. ఒకరోజు ఆయన మమ్మల్ని బయటికి పంపి తలుపు వేయించుకున్నారు. చాలాసేపటికి పిలిచారు. లోపలికి వెళ్తే మంచం మీద కూర్చుని ఉన్నారు, చొక్కా చెమటతో తడిసిపోయింది. "అమ్మాయ్, చెంబుడు మజ్జిగ పట్రా," అని కోడలికి చెప్పి, తెచ్చిన చెంబు ఖాళీ చేసేశారు. నేను ఫైల్లో ఇండిపెండెంట్ అని రాసి కేసు మూసేశాను. ఆ తర్వాత కొన్నాళ్ళు ఎవరు దొరికితే వాళ్ళకి ఆ కుర్చీ గురించి చెప్పేదాన్ని.

1990 మేలో తుఫాను వచ్చింది. దారులు తెరుచుకున్నాక మా ఆసుపత్రి వాళ్ళతో నేనూ రేపల్లె వైపు వెళ్ళాను. చాలామంది చేతులకీ కాళ్ళకీ దెబ్బలు, చేయవలసిన పని బోలెడుంది. సుబ్బయ్య గారి ఊరు చేరేసరికి సాయంత్రమైంది. వాళ్ళింటి వెనక గది లేదు. మట్టిగోడ లోపలికి కూలిపోయి ఉంది. నాగమణి నన్ను చూసి లేచి నిలబడింది గాని ఏడవలేదు.

తుఫానుకి ముందురోజే జీపులో మైకు పెట్టి ఊరు ఖాళీ చెయ్యమని చెప్పారట. పొద్దున్నే లారీ వచ్చింది. జనాన్ని పక్క ఊరి బడికి చేరవేస్తున్నారు. సుబ్బయ్య గారు రానన్నారు. కొడుకు బతిమాలాడు, అరిచాడు. పిల్లల్ని, భార్యని ముందు బడిలో దించి, నలుగురు మగవాళ్ళని తెచ్చి మంచంతో సహా ఎత్తుకొస్తానని వెళ్ళాడు. ఈలోగా గాలి పెరిగింది, రోడ్డు మీద చెట్లు పడిపోయాయి. మళ్ళీ అతను ఇల్లు చేరింది మర్నాడే.

ఎందుకు రానన్నారని అడిగాను.

నాగమణి చుట్టూ ఎవరూ లేరని చూసుకుని చెప్పింది. "నాతో ఒక్కదానితోనే చెప్పారండి. అంతమందిలో నువ్వు చెంబట్టుకుని నా వెనకాల తిరుగుతావా అమ్మాయ్, నా వల్ల కాదు, అన్నారండి. నా కుర్చీ దగ్గరే నేనుంటానన్నారండి."

గోడ పడి పోయారని అందరూ అన్నారు. ఆయన్ని ఆ గోడ కింద కూర్చోబెట్టింది నా సిమెంటని నాకు తెలుసు. ఇంట్లో ఎలా ఉండాలో నేర్పినదాన్ని, ఆ ఇల్లు వదలవలసి వస్తే ఎలాగో ఒక్క మాట అడగలేదు. సముద్రం పక్కన పుట్టి పెరిగినదాన్నే, అయినా తట్టలేదు. ఆ ఏడాదంతా నాకు పని మీద మనసు నిలవలేదు.

తర్వాత నా పద్ధతి మార్చుకున్నాను. మంచాన ఉన్నవాళ్ళ ఇంటికి వెళ్తే కుర్చీ తేలిగ్గా, మడిచి తీసుకుపోయేలా చేయించేదాన్ని. మోసేందుకు నలుగురి పేర్లు, కుర్చీలో కూర్చున్నప్పుడు చాటుకి దుప్పటి పట్టేందుకు ఇద్దరి పేర్లు గోడ మీద బొగ్గుతో రాయించేదాన్ని. ఎండ కాస్తున్న రోజు చూసి, మనిషిని నిజంగానే వీధిలోంచి బడిదాకా మోయించి తీసుకొచ్చేదాన్ని. జనం నవ్వేవారు. వానా లేదు వరదా లేదు, ఈ ఊరేగింపేంటండి అనేవారు. ఇది రెవెన్యూ వాళ్ళ పని, నీదెందుకని ఆసుపత్రిలోనూ అన్నారు.

కొన్నేళ్ళకి మళ్ళీ తుఫాను హెచ్చరిక వచ్చింది. నాగమణి వాళ్ళ వీధిలో తుంటి విరిగిన సీతమ్మ గారనే ముసలావిడ ఉండేది. అనుకున్నట్టే ఆమెని బడికి మోసుకెళ్ళారు. తుఫాను ఇంకోవైపు మళ్ళిపోయాక నేను వెళ్ళి చూశాను. బడి వరండా మూలన దుప్పటి అడ్డం కట్టినట్టు పట్టుకుని, మొహాలు ఇటు తిప్పుకుని ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. ఒకరు నాగమణి. అవతల సీతమ్మ గారు ఎవరినో తిడుతోంది, గొంతు బాగానే ఉంది.

నాగమణి నాతో బస్సు దాకా నడిచింది. బస్సు కనబడ్డాక ఆగి అడిగింది.

"ఓ దుప్పటి, పట్టుకోడానికి ఇద్దరు మనుషులు. మా మావయ్య గారికి కావాల్సింది ఇంతేనాండి?"

"ఇంతే నాగమణీ. నాకే తెలియలేదు," అన్నాను.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. మావయ్య గారు పోయినప్పుడు ఏడవని మనిషి, అక్కడ రోడ్డు మీద నిలబడి ఏడ్చింది.